ద్వాలి గైర్‌హాజరు

జులై 3, గురువారం

పొద్దుటి నుంచి వెంకటప్పయ్య సారు నాలుగు ఫోన్లు. "అమ్మా నాగలతా, మొదటి యూనిట్ ఎంతవరకు వచ్చింది?" ఎంతవరకూ రాలేదు. ఆయనకేం, ఖమ్మంలో రిటైరైన లెక్చరరు, దూరవిద్య డిగ్రీ పిల్లలకి సమాజశాస్త్రం పుస్తకం వేస్తున్నారు. నాకేమో మూడు వందల పన్నెండు మంది ఆడపిల్లలు, నాలుగు బాత్రూములు, అందులో రెండింటికి గొళ్లెం లేదు.

ముప్ఫై పేజీలు కావాలట. "సమాజశాస్త్ర ఆవిర్భావం, వికాసం, ప్రధాన సిద్ధాంతాలు." నెలాఖరుకి. ఎందుకు ఒప్పుకున్నానంటే, ఎం.ఏ. చేసి పదహారేళ్లయింది, ఇన్నేళ్లలో నాకు ఆ చదువు ఒకటుందని గుర్తుపెట్టుకుని అడిగింది ఆయనొక్కరే. ఈ అడవి అంచు బళ్లో నేను ఆరేళ్లుగా సోషల్ టీచర్ని. ఏప్రిల్ నుంచి హాస్టల్ వార్డెన్ ఇంచార్జి కూడా. "రెండు నెలలే మేడం" అన్నారు జిల్లా ఆఫీసర్ సారు. నాలుగో నెల నడుస్తోంది.

మొదటి వాక్యం ఏడుసార్లు కొట్టేశాను. "మానవుడు సంఘజీవి." ఛీ. అన్ని పుస్తకాలూ ఇలాగే మొదలవుతాయి.

జులై 5, శనివారం

మొదటి ఫ్రెంచాయన దగ్గర మొదలుపెట్టాను. చదువుకునే రోజుల్లో ఆ పేర్లు నోరు తిరక్క మొదటి ఫ్రెంచాయన, రెండో ఫ్రెంచాయన, గడ్డం జర్మనాయన, దిగులు జర్మనాయన అని గుర్తులు పెట్టుకున్నాను. ఇప్పటికీ అవే నోటికొస్తాయి. పుస్తకంలో సారు చూసి అసలు పేర్లు పెట్టుకుంటారులే.

రాజు తల తెగింది. చర్చి మాట చెల్లడం మానేసింది. పల్లెలు ఖాళీ అయి ఫ్యాక్టరీలు నిండాయి. అంతా తలకిందులైన దేశంలో కూర్చుని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. రాయి కింద పడటానికి ఒక నియమం ఉన్నట్టే మనుషులు కలిసి ఉండటానికీ నియమం ఉండాలి కదా, అదేమిటి? మనిషి లోకాన్ని ముందు దేవుళ్లతో అర్థం చేసుకున్నాడు, తర్వాత ఊహలతో, ఇక మీదట కళ్లతో చూసి తేల్చుకోవాలి అన్నాడు. పేజీ బాగానే వచ్చింది.

ద్వాలి టీ తెచ్చింది. మా వంటశాలలో పెద్ద వంటమనిషి. యాభై దాటి ఉంటాయి, పక్క తండా, పంతొమ్మిదేళ్లుగా డైలీ వేజ్ మీదే ఉంది. గ్లాసు పెట్టి పోకుండా నిలబడింది.

"ఏం రాస్తున్రు మేడం?"

"సమాజం గురించి."

"సమాజమంటే ఏంది?"

"కలిసి బతికే మనుషులు. వాళ్ల మధ్య ఉండే సంబంధాలు."

కొంచెం ఆలోచించి, "కలిసి తింటరా?" అంది.

నిర్వచనంలో అది లేదు. పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది చూడమని పంపించేశాను. వాక్యానికొకరు ఇలా అడ్డం వస్తే ముప్ఫై పేజీలు ఎప్పటికి తెమలాలి?

జులై 7, సోమవారం

మళ్లీ ఆ హాజరు యాప్. జూన్ నుంచి వంటవాళ్లు కూడా ఫోనుకి ముఖం చూపించాలి, ఆరు నుంచి ఆరున్నర లోపల. సిగ్నలేమో గేటు పక్కన నీళ్ల ట్యాంకు కింద తప్ప ఎక్కడా లేదు. ద్వాలి నాలుగింటికే వస్తుంది. ఆరింటికి అన్నం డేగిసా పొయ్యి మీద ఉంటుంది. దాన్ని వదిలి గేటుకి ఉరకాలి. ఉరికినా చెమటకీ మసికీ ఫోను ఒప్పుకోదు. "ముఖం గుర్తించబడలేదు."

"నా మొఖం మా తండాకు ఎరుకే, మీకు ఎరుకే, గీ పిల్లలందరికి ఎరుకే. గీ ఫోనుకే ఎరుక లేదు!" అని నా మీద అరిచింది. దాన్ని నేనేమన్నా తయారుచేశానా?

"రేపట్నుంచి ఐదు నిమిషాలు ముందే గేటు దగ్గర నిలబడు" అన్నాను.

"అన్నం మాడితే?"

మాడితే మాట పడేది నేనే. అది మాత్రం ఎవరికీ పట్టదు.

జులై 8, మంగళవారం

సత్తుపల్లి నుంచి అనిల్ ఫోన్. పామాయిల్ గెలల కోతకి మనుషులు దొరకడం లేదట. "ఇక్కడ మన తోట చూసే దిక్కులేదు, అక్కడ నువ్వు ఊరందరికీ వండి పెడుతున్నావు" అన్నాడు. నేను వండటం లేదు. వండించడం కూడా పనేనని మా ఆయనకి ఈ జన్మలో అర్థం కాదు.

జులై 9, బుధవారం

జాబితా వచ్చింది. జూన్‌లో పది రోజులు మించి గైర్‌హాజరైన డైలీ వేజ్ వాళ్లని తీసెయ్యాలి. మా బడి నుంచి ఒకటే పేరు. ద్వాలి, పదకొండు రోజులు.

ఆఫీసర్ సారుకి ఫోన్ చేశాను.

"ఆమె రోజూ వచ్చింది సార్."

"యాప్‌లో లేదు కదా మేడం."

"వచ్చిందని నేను రాసిస్తే?"

"మీరు రాసిస్తే రేపు ఇంకో నలభై మంది వార్డెన్లు రాసిస్తారు. మీకెందుకు మేడం ఈ తలనొప్పి?"

అదీ నిజమే. నియమం అన్నాక అందరికీ ఒకటే. దిగులు జర్మనాయన చెప్పిందీ ఇదే కదా. రాజుల కాలంలో ముఖం చూసి పనులు చేసేవాళ్లు, అందుకే ఫైలు వచ్చింది, రూలు వచ్చింది, ఆఫీసుకి మొహమాటం ఉండకూడదు. అదే ఫైలు చివరికి ఇనుప పంజరం అవుతుందని కూడా ఆయనే అన్నాడు. అది ఇరవై రెండో పేజీలో వస్తుంది. ఇప్పుడే ఎందుకు?

ద్వాలిని పిలిచి కాగితం ఇచ్చాను. చదవడం రాదు, నన్నే చదవమంది. చదివాను. "నా చేతుల్లో ఏమీ లేదు" అన్నాను.

నా చేతుల్లో ఆ కాగితం ఉంది. దానివంకే చూస్తూ నిలబడింది.

జులై 10, గురువారం

మిగతా ఐదుగురు వంటవాళ్లూ పని ఆపేశారు. గేటు బయట నీలం ప్లాస్టిక్ పట్టా పైన కట్టుకుని కూర్చున్నారు, మధ్యలో ద్వాలి. చిన్న గొడవ. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

జులై 11, శుక్రవారం

చిన్న గొడవే. పొద్దున బన్నులు, మధ్యాహ్నం అటుకులు, అరటిపళ్లు. ఆరో తరగతి పిల్లలు అన్నం ఏదని ఏడుస్తున్నారు. మణుగూరు నుంచి నలుగురు వంటవాళ్లని ఆటోలో పంపిస్తామన్నారు. వాన ఆగలేదు, అటువైపు వాగు రోడ్డెక్కింది, ఆటో వెనక్కి పోయింది. భద్రాచలం దగ్గర గోదావరి మొదటి హెచ్చరిక దాటింది, అక్కడి వంటవాళ్లంతా వరద శిబిరాల్లో ఉన్నారు. "ఎట్లనో ఒకట్ల మేనేజ్ చెయ్యండి మేడం." ఈ మేనేజ్ అనే మాట కనిపెట్టినవాడు ఒక్కసారి నాకు కనపడితే బాగుండు.

ఇంత గోలలోనూ రెండో ఫ్రెంచాయన మీద ఆరు పేజీలు రాశాను. ఈయనంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. సమాజం ఒక ఒళ్లు లాంటిదని అంతకుముందే ఒక ఇంగ్లీషాయన అన్నాడు, ఒక్కో అవయవానిది ఒక్కో పని. ఈయన ఇంకా ముందుకెళ్లి, పని పంచుకోవడమే ఈ కాలపు మనుషుల్ని ఒకరికొకరిని కట్టి ఉంచుతుంది అన్నాడు. ఒకరు వండాలి, ఒకరు చెప్పాలి, ఒకరు గేటు కాయాలి. ఎవరి పని వాళ్లు చేసుకుంటే ఒళ్లు బాగుంటుంది. ప్రకార్యవాదం అంటే ఇదే. మా వంటశాలనే ఉదాహరణగా పెట్టాను. రాస్తుంటే మనసు కుదుటపడింది. గేటు బయట పాట మొదలుపెట్టారు. కిటికీ వేశాను.

జులై 12, శనివారం

పదో తరగతి పిల్లలు ఎనిమిది మంది స్వచ్ఛందంగా వంటకి ముందుకొచ్చారు. స్వచ్ఛందంగానే. ఇళ్లల్లో చెయ్యరా ఏంటి? నేను పదమూడేళ్లకే అన్నం వార్చాను. పప్పు సరిగా ఉడకలేదు కానీ అందరూ తిన్నారు.

కాపలా పగిడయ్య వంటశాల గుమ్మం దగ్గరికి వచ్చి, "మేడం, ఆ డేగిసాలు పెద్దోళ్లకే కదలవు" అన్నాడు. నీ గేటు నువ్వు చూసుకో అన్నాను. ఈ బళ్లో సలహా ఇవ్వని మనిషి లేడు.

జులై 13, ఆదివారం

వంట చేస్తున్న పదో తరగతి సంగీత కాలి మీద గంజి పడింది. చిన్నదే.

జులై 14, సోమవారం

చిన్నది కాదు.

నిన్న పొద్దున ఏడున్నరకి. అన్నం వారుస్తుంటే డేగిసా జారింది. అటొకరు ఇటొకరు పట్టుకున్నారు, రెండో పిల్ల చెయ్యి కాలి వదిలేసింది. గంజంతా సంగీత మీదికి వచ్చింది. మోకాలి కింద నుంచి పాదం దాకా. నేను వెళ్లేసరికి పిల్లలంతా గోడకి అంటుకుపోయి ఉన్నారు. ఎవరో టూత్‌పేస్టు చేతికిచ్చారు, నేను పూయబోయాను.

"పుయ్యొద్దు!"

ద్వాలి. గేటు దగ్గర నుంచి ఎప్పుడు ఉరికొచ్చిందో. సంగీతను రెండు చేతులతో ఎత్తుకుపోయి నల్లా కింద కూర్చోబెట్టి కాలి మీద నీళ్లు వదిలింది. ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. పిల్ల వణుకుతుంటే చెవి దగ్గర లంబాడీలో ఏదో చెబుతూనే ఉంది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత ఉతికిన గుడ్డ తడిపి కప్పి, ఆటో పిలిపించి, తనూ ఎక్కింది. భద్రాచలం వైపు దారి తెరిచి ఉంది, అంతవరకు నయం.

దవాఖానాలో డాక్టరు, వెంటనే నీళ్లు పెట్టింది ఎవరని అడిగాడు. "మంచి పని చేశారు, లేకపోతే ఇంకా లోపలికి కాలేది" అని నా వైపు చూసి అన్నాడు. నేను కాదని చెప్పలేదు.

బయట బెంచీ మీద ద్వాలి పక్కన కూర్చున్నాను.

"ద్వాలీ, ఇవాళ్టికి వచ్చి వంట చేసి పెట్టు. పిల్లలు పస్తులున్నారు."

"బిడ్డ కాలిందని ఉరికొచ్చిన. నీ వంటశాలకు రాలే."

నీ. ఆరేళ్లలో నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి.

"నీ కోపం పిల్లల మీదా?"

"పిల్లల్ని పొయ్యికాడ నిలబెట్టింది నేనా?"

తిరిగొచ్చి మళ్లీ పట్టా కింద కూర్చుంది. ఎంత పంతం! ఇవాళ నేను, పగిడయ్య, ఇద్దరు టీచర్లు కలిసి వండాం. ఆ డేగిసా కదలదు. నా నడుము పోయింది.

జులై 15, మంగళవారం

ఆఫీసర్ సారు ఫోన్. స్టేట్‌మెంట్ కావాలి. "సమ్మె వాళ్లు గేటు దగ్గర గొడవ చేస్తుంటే మీరు అటు వెళ్లారు, ఆ టైంలో అమ్మాయి తనంతట తనే వంటశాలలోకి పోయింది. అంతే కదా మేడం జరిగింది?"

దాదాపు అంతే. రాశాను. పేజీలో ఒక్క కొట్టివేత లేదు. యూనిట్ కూడా ఇంత నున్నగా వస్తే ఎప్పుడో అయిపోయేది. రేపు పంపాలి.

సాయంత్రం ఇంకేమీ జరగలేదు.

జులై 16, బుధవారం

వెంకటప్పయ్య సారు. పంపినంతవరకు చదివారట.

"ప్రకార్యవాదానికి ఆరు పేజీలు, సంఘర్షణ సిద్ధాంతానికి అర పేజీనా? పది మార్కుల ప్రశ్న దాని మీదే పడుతుందమ్మా."

"అది అందరికీ తెలిసిందే కదా సార్."

"తెలిసిందే అయితే సరిగ్గా రాయి. సమాజం ఒళ్లు లాంటిది అన్నావు, సరే. మరి ఒళ్లు బాగుంది అని చెప్పేది ఎవరు? తల. కాలిని ఎవరన్నా అడిగారా? ఆ విమర్శే లేదు నీ పాఠంలో."

ఆయనకి సంగీత సంగతి తెలియదు. క్లాసులో ఎన్నేళ్లుగానో చెబుతున్న మాటే మామూలుగా అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ పోయిందని తర్వాత మెసేజ్ పెట్టాను.

ఆ సంఘర్షణ సిద్ధాంతం గడ్డం జర్మనాయనది, ఆయన పేజీలు మళ్లీ రాయడానికి కూర్చున్నాను. పొలం ఎవరిది, యంత్రం ఎవరిది, ఒట్టి చేతులు ఎవరివి, ముందు అది చూడమన్నాడు. ఒక పక్క గెలిచి కూర్చున్నంతసేపూ దానికి శాంతి అని పేరు పెడతారు, రెండో పక్క లేచిననాడు దాన్ని గొడవ అంటారు. ఇది పుస్తకంలో లేదు, నేనే రాశాను. నాలుగు పేజీలు వచ్చాయి.

స్టేట్‌మెంట్ పంపలేదు. స్కానర్ పనిచేయడం లేదు.

జులై 17, గురువారం

స్కానర్ బాగానే ఉంది.

పొద్దున జూన్ డైరీ తీశాను, ఆ పదకొండు తేదీలు పక్కన పెట్టుకుని. పదిహేడో తేదీ: "పప్పులో ఉప్పు ఎక్కువ. ద్వాలిని పిలిచి చీవాట్లు పెట్టాను." ఇరవై: "ద్వాలి ఉప్మా, మళ్లీ మాడు వాసన." ఇరవై నాలుగు: "పొద్దున్నే ద్వాలితో నూనె డబ్బా గొడవ." ఇరవై ఎనిమిది: "జ్వరం. ద్వాలి మిరియాల చారు కాచి తెచ్చింది." యాప్ ప్రకారం ఈ నాలుగు రోజులూ ఆమె లేదు. పప్పులో ఉప్పు ఎక్కువ వేసిన మనిషి గైర్‌హాజరు ఎలా అవుతుంది? నేను చీవాట్లు పెట్టింది ఎవరికి?

మధ్యాహ్నం దవాఖానాకి వెళ్లాను. సంగీత మంచం పక్కన వాళ్ల నాన్న హేమ్లా ఉన్నాడు. నన్ను చూసి లేచి, ఉన్న ఒక్క స్టూలూ తుడిచి నాకు వేశాడు. నేను కూర్చున్నాను. ఆయన నిలబడ్డాడు.

"నొప్పి ఎట్లా ఉంది?" అని సంగీతని అడిగాను.

"జర తగ్గింది మేడం. నిన్న సార్లు వచ్చి అడిగిన్రు. మొన్న ఫోన్ల మీరు చెప్పినట్టే చెప్పిన, నా అంతట నేనే పోయిన అని. మీకేం కాదు మేడం."

"మేము గూడ గట్లనే చెప్పినం" అన్నాడు హేమ్లా. "మేడం మంచిగ చూసుకుంటది అన్నం."

మొన్న సాయంత్రం హేమ్లా ఫోనుకి చేసి సంగీతతో మాట్లాడాను. ఇంకేమీ జరగలేదని ఇక్కడ రాశాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అంటే ఎవర్ని మోసం చేద్దామని?

రాస్తే మొత్తం రాయాలి. ఎవరూ స్వచ్ఛందంగా రాలేదు. ఎనిమిది పేర్లు నేనే రాసి నోటీసు బోర్డుకి అంటించాను. మొదటి పేరు సంగీత.

జులై 18, శుక్రవారం

స్టేట్‌మెంట్ చింపేసి రెండు కాగితాలు రాశాను. ద్వాలి జూన్‌లో ఆ పదకొండు రోజులూ నాలుగింటికే వంటశాలలో ఉంది, ఆమె వండింది నేను తిన్నాను, ఇది ఒకటి. పిల్లల్ని వంటకి పెట్టింది నేను, జాబితా నా రాత, సంగీతతో అబద్ధం చెప్పించిందీ నేనే, ఇది రెండోది. నిండా కొట్టివేతలే. అలాగే తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను.

"మతి ఉండే రాశారా మేడం?" అన్నారు ఆఫీసర్ సారు.

"ఉండే సార్."

"ఇది మీ సర్వీసు రిజిస్టరుకి ఎక్కుతుంది. తర్వాత నన్ను అనొద్దు."

"అనను."

బయటికొచ్చి ఆటో ఎక్కాను. ధైర్యం అని రాసుకోవాలని ఉంది. కాదు. ఆ స్టూలు మీద ఇంకోసారి కూర్చోలేను, అంతే.

ఆటో దిగి నేరుగా పట్టా దగ్గరికి వెళ్లాను. రెండు కాగితాలూ ఆరుగురికీ చదివి వినిపించాను. పగిడయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. ద్వాలి చివరిదాకా విన్నది.

"మంచిగ రాసినవ్" అంది. "తొమ్మిదో తారీకు నాడే రాస్తే పిల్ల కాలు మంచిగుండు."

జులై 21, సోమవారం

వాగు తగ్గింది. మణుగూరు వంటవాళ్లు ఎట్టకేలకు వచ్చారు. పట్టా చూశారు, ద్వాలితో అరగంట మాట్లాడారు, అదే ఆటోలో తిరిగి వెళ్లిపోయారు. ఇప్పుడెట్లా అని ఆఫీసర్ సారు నన్ను అడిగితే, మీరే మేనేజ్ చెయ్యండి సార్ అన్నాను. ఈ నెలలో నాకు దొరికిన ఒకే ఒక్క సుఖం.

చేతులు బొబ్బలెక్కాయి. మూడు వందల మందికి వండటం అంటే ఏమిటో ప్రకార్యవాదంలో ఎక్కడా రాయలేదు.

జులై 24, గురువారం

మా బడికి వంటశాలలోనే సంతకాల రిజిస్టర్ పెట్టుకోమన్నారు. సంతకం రాని వాళ్లకి వేలిముద్ర. ద్వాలిని మళ్లీ తీసుకున్నారు. మధ్యాహ్నం పట్టా విప్పి, మడతపెట్టి, చేతులు కడుక్కుని, ఆరుగురూ లోపలికి వచ్చారు. నేను వండిన పప్పు రుచి చూసి ద్వాలి ముఖం అదోలా పెట్టింది.

నాకు మెమో. వార్డెన్ ఇంచార్జి తీసేశారు, విచారణ ఉంటుంది. అనిల్ విని చాలాసేపు తిట్టాడు, తర్వాత "లాంగ్ లీవు పెట్టి ఇంటికి రా" అన్నాడు. రాను అన్నాను. సోషల్ టీచర్ ఉద్యోగం ఇంకా ఉంది కదా.

జులై 29, మంగళవారం

యూనిట్ పంపాను, ముప్ఫై నాలుగు పేజీలు. వంటశాల ఉదాహరణ మొత్తం తీసి మళ్లీ రాశాను. సారు సగం కొట్టేశారు. "పిల్లలు పరీక్షలో ఇది రాస్తే దిద్దేవాడికి అర్థం కాదమ్మా." గంటసేపు పోట్లాడితే ఒక పేరా మిగిలింది.

ఆగస్టు 6, బుధవారం

సంగీత బడికి వచ్చింది. హేమ్లా బండి మీద దింపిపోయాడు. కాలికి ఇంకా కట్టు ఉంది, చెప్పు ఎక్కదు. చివరి బెంచీలో కాలు చాపుకుని కూర్చుంది. పాఠం అంతసేపూ నేను అటువైపు చూడకుండా చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

గంట కొట్టాక అందరూ పోయారు. తను లేవలేదు.

"మేడం, ఒకటి అడుగుతా."

"అడుగు."

"పదో తరగతిల నలభై మందిమి ఉన్నం. ఆ లిస్టుల ఫస్టు నా పేరే ఎందుకు రాసిన్రు?"

పొడుగ్గా ఉంటావని, ఇంట్లో పని అలవాటున్న పిల్లవని. జవాబులు నోటిదాకా వచ్చాయి. అవీ అబద్ధాలేం కావు.

"నువ్వు కాదనవని" అన్నాను.

కాసేపు నన్నే చూసింది. కోపమైతే నయం, ఏడుపైనా నయం. రెండూ లేవు.

"గంతే అనుకున్న" అంది.

బల్ల పట్టుకుని లేవబోయింది. కట్టు ఉన్న కాలు నేలకి ఆన్చగానే పళ్లు బిగించింది. నేను గబగబా వెళ్లి చెయ్యి అందించాను.

"వద్దు మేడం" అంది.

బెంచీలు పట్టుకుంటూ, ఒక్కో అడుగే వేస్తూ, తనే బయటికి నడిచింది.